చదరంగమున తెలుగుబిడ్డలు



మన నెల్లూరి తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవలు వేటకు పోరాదని ప్రభుత్వమువారి నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ఆ 61 దినములును పడవలు ఒడ్డుననే యుండును. వలలు బాగుచేసికొనుట ముగిసిన పిమ్మట పెద్దలు రామమందిరపు టరుగుమీద చేరి, సుద్దతో గళ్లు గీచి ఆటకు కూర్చుందురు. కొందరిది పులిజూదము, కొందరిది చదరంగము. పిల్లవాడొకడు వచ్చి తొంగిచూచెనా, “ఒరే, నీకిక్కడ ఏమి పని? పోయి చదువుకో” అని తరుముదురు. ఆ మాట నేనును పలుమార్లు పలికినవాడనే. అది ఎంతవరకు సమంజసమో నేడు మీతో కలసి విచారింపదలచితిని.

చదరంగము మన దేశమున పుట్టిన ఆట. ఏనుగులు, గుర్రములు, రథములు, కాల్బలము అను నాలుగంగములు గల సేనకు చతురంగమని పేరు. ఆ పేరే ఆటకును వచ్చినది. ఏడవ శతాబ్దమునాటి బాణభట్టు తన హర్షచరితమున దీనిని పేర్కొనినాడు. ఇచటినుండి పారసీకమునకును, అరబ్బులద్వారా ఐరోపాకును పోయినది. అచట పదునైదవ శతాబ్దపు తుదిని, అంతవరకు మూలగా ఒక్క గడి మాత్రమే నడచు మంత్రికి ఎల్లదిక్కుల సంచరించు బలము నిచ్చిరి. బంటు తొలి ఎత్తున రెండు గళ్లు నడుచుటయు అక్కడి మార్పే. మన యరుగులమీద నేటికిని బంటును ఒక్క గడియే నడుపు వృద్ధులు కలరు. పుట్టింటి పద్ధతి యొకటి, లోకమున నడచు పద్ధతి యొకటి యైనది.

1924లో పారిస్ నగరమున స్థాపింపబడిన ప్రపంచ చదరంగ సమాఖ్య ఇచ్చు బిరుదములలో మిన్నయైనది గ్రాండ్‌మాస్టరు. ఆటగాని బలమును అంకెలతో కొలిచి 2500 చేరవలెను. అంతియగాక, ఘనులు పాల్గొను పోటీలలో నిర్ణీతమైన ప్రతిభను మూడు మారులు చూపవలెను. 1988లో విశ్వనాథన్ ఆనంద్ ఈ బిరుదమును పొందిన తొలి భారతీయుడయ్యెను. 2025 జూలై నాటికి ఆ సంఖ్య 88కి చేరెను. అందు తెలుగువారి పాలు స్వల్పము కాదు.

గుంటూరివాడగు పెంటల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో యువకుల ప్రపంచ విజేతయయ్యెను. ఓరుగంటి ప్రాంతపు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు పట్టికలో 2800 అంకెను దాటెను. ఆనంద్ తరువాత భారతీయులలో అంత యెత్తు చేరిన రెండవవాడతడు. చెన్నపట్టణపు తెలుగు కుటుంబమున జన్మించిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూరులో చైనా దేశీయుడగు డింగ్ లిరెన్‌ను ఏడున్నర, ఆరున్నర పాయింట్ల తేడాతో గెలిచి, పదునెనిమిదేండ్లకే ప్రపంచ విజేతయయ్యెను. అది పదునాలుగవదియు కడపటిదియునగు ఆట. సమముగా ముగియునని చూపరులు తలచుచుండగా గుకేశ్ విసుగక ఎత్తులు వేయుచునే యుండెను; ప్రత్యర్థి ఏనుగును తప్పుగడికి నడిపెను. ఓరిమికి ఫలమట్లు దొరకినది.

ఇక మన యాడుబిడ్డల సంగతి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 1997లో పదేండ్లలోపు బాలికలకు ప్రపంచ విజేత. 2002లో పదునైదేండ్ల ఒక నెల ఇరువదియేడు దినముల వయస్సున గ్రాండ్‌మాస్టరై, అంత పిన్నవయస్సున ఆ బిరుదము పొందిన స్త్రీ అంతకుముందు లోకమున లేదనిపించుకొనెను. ఇది స్త్రీలకు వేరుగా నిచ్చు బిరుదము కాదు. పురుషులకు పెట్టిన పరీక్షయే ఆమెకును పెట్టిరి. 2017లో కూతురు పుట్టగా కొంతకాలము ఆట మానుకొని, మరల వచ్చి 2019లో త్వరిత చదరంగమున ప్రపంచ విజేతయయ్యెను. 2024 డిసెంబరున న్యూయార్కులో తొలి ఆటయే ఓడిపోయియు, తుదకు పదునొకండు ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లతో అదే పట్టమును రెండవమారు గెలిచెను.

గుంటూరు సీమ ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టరయ్యెను. మన తీరముననే దక్షిణమునగల మహాబలిపురమున 2022లో జరిగిన ఒలింపియాడునందు తొమ్మిదినెలల గర్భవతియై కూర్చుండి ఆడెను. ఆ యేట మన మహిళల జట్టునకు కాంస్యపతకము లభించెను. 2024లో బుడాపెస్టున పురుషుల జట్టునకును, మహిళల జట్టునకును స్వర్ణపతకములు వచ్చినపుడు ఆమెయు, హరికృష్ణయు, అర్జునుడును, గుకేశును ఆ జట్లలోనివారే.

ఈ విజయముల వెనుక నొక్కొక్క పెద్దచేయి కలదు. హంపికి గురువు తండ్రియే. బిడ్డకు నేర్పుటకై ఆయన ఉద్యోగము విడిచెను. ఆమె దేశాంతరమున ఆడుచుండగా కూతురిని ఇంటివారు సాకుదురు. చిన్ననాట హారిక పోటీలకు పోవుచుండగా అవ్వ తోడుగా నడచెను. గుకేశు తండ్రి వైద్యవృత్తిని ప్రక్కనుంచి కుమారునివెంట దేశములు తిరిగెను. ఆ దినములలో తల్లి సంపాదనయే సంసారమును నడిపెను. ఇంతటి త్యాగము అందరును చేయగలిగినది కాదు, చేయుడని నేను చెప్పను. కాని “పో” అనకుండుటకు ధనమక్కరలేదు గదా!

ఒక్క విషయము చెప్పి తీరవలెను. హంపి లోకమును గెలిచిన ఆ 1997లోనే, సముద్రపుటొడ్డున నేను పనిచేయు బడిలో అయిదవ తరగతి బాలిక యొకతె పలకపై అరువదినాలుగు గళ్లు గీచి, గవ్వలను, చింతగింజలను పావులుగా పేర్చుకొని కూర్చుండెను. ఏమది యని గద్దించితిని. “అయ్యవారూ, గుర్రము అన్ని గళ్లకును పోగలదా యని చూచుచున్నాను” అనెను. అది పండితులు తలపట్టుకొనిన ప్రశ్న యని ఎరిగియు, లెక్కలవేళ ఆటలేమని తడిచేతితో పలకను తుడిచివేసితిని. ఆమె మరల నాయెదుట గళ్లు గీయలేదు. ఆమె గ్రాండ్‌మాస్టరు కాగలిగియుండెడిదని నేననను. కాని అడిగిన ప్రశ్నకు బదులు చెప్పనైతిని. ఉపాధ్యాయునకు అంతకంటె లోపమేమి కలదు?

కావున పెద్దలకు నా మనవి. మన ఆటను ఇప్పుడు లోకమున నడచు నియమములతో మీరు మొదట నేర్చుకొనుడు. బంటు రెండు గళ్ల నడకయు, రాజునకు కోట కట్టుటయు నేర్చుటకు ఒక సాయంకాలము చాలును. ముట్టిన పావునే నడుపవలెనను కట్టుబాటు పిల్లలకు మొదటినాడే చెప్పుడు; ఆలోచింపక చేయి చాపరాదను బుద్ధి దానితోనే వచ్చును. ఎత్తులు వ్రాసికొననిండు, ఓడినచోట తప్పెక్కడ జరిగెనో వారే వెదకుకొందురు. పందెము మాత్రము దరిచేరనీయకుడు. చదువు వేళ చదువునకే యుండనిండు. ఆడపిల్ల వచ్చి నిలిచినను చోటిండు.

రాబోవు వేట విరామమున అరుగుచెంత ఎవరైన తొంగిచూచినచో, “రా అబ్బాయీ, రా అమ్మాయీ, కూర్చో, తెల్లపావులు నీవి, తొలి ఎత్తు నీది” అనుడు. ఆ బిడ్డ మీకు ఆటకట్టు చేసిననాడు మీసము దువ్వుకొనవలసినవారు మీరే.