హనుమాజీపేట గొంతు

పట్టాలు అందుకున్న మీకు, రెక్కలు ముక్కలు చేసుకుని చదివించిన మీ అమ్మానాన్నలకు అభినందనలు.

కరీంనగర్ గడ్డ మీద నిలబడి ఈ రోజు సినారె గురించే మాట్లాడాలనుకున్నాను. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931 జూలై 29న రైతు కుటుంబంలో పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి గారు కవి, ఆచార్యులు, సినీ గేయ రచయిత, గజల్ గాయకులు, ఉపకులపతి, రాజ్యసభ సభ్యులు. ఒక్క మనిషి ఇన్ని పనులు ఎట్లా చేశారని అందరూ ఆశ్చర్యపోతారు. నాకైతే అన్నిటి వెనుకా ఒక్క చెవి కనిపిస్తుంది.

ఆ చెవికి ఊళ్లోనే హరికథలు, జంగం కథలు, జానపదాలు పట్టుబడ్డాయి. బడి చదువు మాత్రం సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలో సాగింది. నిజాం కాలంలో తెలుగు పిల్లలకు తప్పని కష్టమది. ఏళ్ల తర్వాత ఆ ఉర్దూయే ఆయన చేతిలో తెలుగు గజల్ అయింది. గజల్‌లో రెండేసి పాదాల షేర్‌లో ఒక పూర్తి ఆలోచన ఇమడాలి. కాఫియా అనే ప్రాస మాట మారుతుంటుంది, దాని వెంట రదీఫ్ అనే పల్లవి మాట మారకుండా వస్తుంది, చివరి షేర్‌లో కవి తన పేరు పొదుగుతాడు. కవి దాశరథి నడిచిన ఆ బాటలో సినారె రాసి ఊరుకోలేదు, సభల్లో తానే గొంతెత్తి పాడారు. గజల్ పాడితేనే గజల్ అని ఆయనకు తెలుసు.

ఉస్మానియాలో పాఠాలు చెప్పే రోజుల్లోనే, 1962లో వచ్చిన ఎన్టీఆర్ 'గులేబకావళి కథ'కు పాటలన్నీ రాశారు. సినిమా పాటను చిన్నచూపు చూసే పండితులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. బాణీ కొలతకు, సన్నివేశం హద్దుకు లోబడి మాటను పలికించడం వృత్తపద్యం కన్నా తేలికేమీ కాదు. సినిమా పాటలు రాసిన ఆ చెయ్యే 1980లో 'విశ్వంభర' కావ్యం రాసింది. దానికి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ తర్వాత తెలుగుకు అది రెండోది.

అదే హనుమాజీపేట మనకు ఒగ్గు కథకుడు మిద్దె రాములునూ ఇచ్చింది. ఒగ్గు అనే చిన్న ఢమరుకం మోగుతుండగా కథకుడు కొంగు తల మీదికి లాగితే ఆడమనిషి, నడుం బిగిస్తే వీరుడు. రచన, పాట, ఆట, నటన అక్కడ వేరువేరు శాఖలు కావు. సినారె బాల్యం గడిచింది ఆ వాతావరణంలోనే.

మీ ఊళ్లో, పక్క ఊళ్లో ఇంకా ఒగ్గు పట్టే పెద్దలు ఉన్నారు. ఈ సెలవుల్లో వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి. ఒక కథ మొదటి నుంచి చివరి దాకా విని, వాళ్ల అనుమతితో రికార్డు చేసి, వాళ్ల పేరుతో సహా మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వండి.