కొలెస్టరాల్ మాత్రలు - చక్కెరవ్యాధి



కొలెస్టరాల్‌ను తగ్గించుటకు వైద్యులిచ్చు స్టాటిన్ మాత్రలు గుండెపోటు, పక్షవాతముల ప్రమాదమును తగ్గించును. అయితే వీని వలన చక్కెరవ్యాధి వచ్చునని విని, కొందరు మధ్యలోనే మానివేయుచున్నారు. ఇది ప్రాణాపాయకరము.

నిజమేమి? 2010లో లాన్సెట్ వైద్యపత్రికయందు 13 పరిశోధనలలోని 91,140 మంది వివరములు క్రోడీకరింపబడినవి. 255 మంది 4 సంవత్సరములు ఈ మాత్రలు వాడినచో, అదనముగా ఒక్కరికి ఆ వ్యాధి కలుగునని తేలినది. అదియు, రక్తమున చక్కెర అదివరకే హద్దును సమీపించిన వారికే ఎక్కువగా కలుగును. గుండెకు కలుగు మేలు అంతకన్న మిన్న.

కనుక మీయంతట మీరు మాత్రలు మానవలదు. వైద్యుడు చెప్పిన గడువులందు రక్తపరీక్ష చేయించుకొనుడు. మితముగా భుజింపుడు, ప్రతిదినము నడువుడు. చక్కెర పెరిగినచో ఏమి చేయవలెనో వైద్యుడే నిర్ణయించును.