కుంటు మానిన గుఱ్ఱము

(సంగనకల్లు తెలుగువారి సమావేశమున చదివిన ప్రసంగము)



గుఱ్ఱపు కాలి చికిత్సనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. మన సీమకు గుఱ్ఱము క్రొత్తది కాదు. హంపీ రాజు ఏటేట 13,000 గుఱ్ఱములు కొనుచుండెనని పోర్చుగీసువాడైన న్యూనిజ్ వ్రాసెను. మన తాతలకు జట్కాగుఱ్ఱమే చాలెను.

మా యింటను అట్టిది యొకటి యుండెడిది. ఒక వేసవిని దాని ముంగాలి నరము వాచెను. మోకాలి క్రింద వెనుకవైపున త్రాడువలె దిగు ఆ నరమును వైద్యులు స్నాయువందురు. మూడు వారములు కట్టివేసితిమి. కుంటు మానెను. (ఈ మాట మన యింటి తెలుగునకును అంగడి కన్నడమునకును ఒక్కటే.) ఇంట గింజలు నిండుకొనగా బళ్ళారి బాటన బండి కట్టితిమి. నాలుగవనాడే ఆ కాలు మరల వాచెను. ఆ గుఱ్ఱము మరి బండి లాగలేదు. తప్పు మాది.

కుంటు మానుట వేఱు, నరము అతుకుట వేఱు. ముంగాలి మోకాలి క్రింద కండ యుండదు. పరుగులోని యూపంతయు నరములపైననే పడును. వానికి రక్తప్రసారము తక్కువ. నొప్పి వారములలో తగ్గును గాని, నరము గట్టిపడుటకు తొమ్మిది నెలలు మొదలు సంవత్సరము వఱకు పట్టును. అప్పటికిని మునుపటి సాగుగుణము పూర్తిగా రాదు. నొప్పి తెలియకుండ మందు పెట్టి బండి కట్టుట మఱింత కీడు.

చేయవలసినది పెద్ద పని కాదు. వాచిన తొలిదినములలో పూటపూటకు పదునైదు ఇరువది నిమిషములు చన్నీటిధార పట్టవలెను. తరువాత వైద్యుడు అల్ట్రాసౌండు యంత్రముతో చూచి సరేయన్నపుడు, పగ్గము చేతబట్టి గట్టి చదునునేలపై దినమునకు పది నిమిషములు నడిపింపవలెను. ఆయన చెప్పిన కొలది వారవారమునకు కొంచెము పెంచవలెను. పరుగు నెలల తరువాతి మాట. నడకలో ముంగాలు నేలను సోకునప్పుడెల్ల గుఱ్ఱము తల పైకెత్తినచో, ఆ కాలు ఇంకను నొచ్చుచున్నదని యెఱుగుడు, నాటికి ఆపుడు.

1939లో ఇంగ్లండున చార్లెస్ స్ట్రాంగ్ అను మనుష్యుల అంగచికిత్సకుడు మౌంట్‌బాటన్ ప్రభువునకు పోలో దెబ్బ మాన్పగా, ఆ ప్రభువే తన గుఱ్ఱములకును అట్లు చేయుమనెనందురు. వారికి మేత కఱవా!

ఏడాది కూర్చుండబెట్టి మేపుటెట్లని మీరడుగుదురు. నేడు జట్కాలు అరుదైనను, పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱములను పెంచువారికి ఈ చిక్కు కలదు. దానికి మాయొద్ద సులువైన సమాధానము లేదు. పగ్గము పట్టుటకు మాత్రము ఇంటిలో ఎవరైనను చాలుదురు. వైద్యశాలకు పోవునప్పుడు కుంటు మొదలైన దినమును, వేడి తగ్గిన దినమును కాగితముపై వ్రాసికొని పొండు.