శిలాజములు, క్రోధము, హృదయము

ఇంగ్లాండు దక్షిణతీరమున లైమ్ రీజిస్ పట్టణములో, తండ్రి గతించిన యొక పేద వడ్రంగి కుటుంబము శిలాజముల నమ్మి జీవించుచుండగా, 1811లో అన్న జోసెఫు పుఱ్ఱెను, మరుసటి యేడు చెల్లెలు మేరీ ఆనింగ్ తక్కిన యెముకలను కనుగొనిన సాగరసరీసృపమును 1814లో శాస్త్రలోకమునకు వర్ణించి చెప్పిన ఎవెరార్డ్ హోమ్, శస్త్రవైద్యమునను శిలాజసంగ్రహమునను ప్రసిద్ధుడైన జాన్ హంటరునకు బావమరిది.

శ్రోతలారా, ఆ హంటరునకు కోపము వచ్చినపుడెల్ల గుండెలో నొప్పి లేచెడిది. 1793 అక్టోబరు 16న ఆసుపత్రి సభలో సహవైద్యుడొకడు మాట కడ్డము చెప్పగా, ఆగ్రహమును దిగమ్రింగికొని ప్రక్కగదిలోనికి పోయి, అచ్చటనే కుప్పకూలి మరణించెను.

క్రోధవేళ అడ్రినలిన్ రక్తమున జేరి, నాడి త్వరితమై, రక్తపుపోటు హెచ్చును. హృదయము ప్రాణవాయువును మిక్కిలిగ కోరు ఆ క్షణముననే, ఇరుకైన ధమనులు చాలినంత రక్తము నందింపజాలవు. హంటరు హృదయధమనులు ఎముకవలె గట్టిపడియుండెనని శవపరీక్షలో తేలినది.