ప్రభుత్వపు గుత్తకును చట్టము గలదు

(ప్రొద్దుటూరి సభలో గావించిన యుపన్యాసము)



ముద్దనూరు చెంత కలమళ్లకడ నున్న రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములను మీరెల్లరు నెఱుగుదురు. 1650 మెగావాట్ల యా కేంద్రమునకు గావలసిన బొగ్గు మన సీమలో లేదు. దూరపు గనులనుండి రైళ్లమీద రావలయును. విద్యుత్కేంద్రములకు వచ్చు బొగ్గులో రాళ్లు కలసిన నష్టమెవ్వరిది? ఆ వ్యయము తుదకు కరెంటు బిల్లులోనికే దిగును. ప్రొద్దుటూరి నేతగాడును, జమ్మలమడుగులో నాపరాళ్లు కోయించువాడును దానిని చెల్లింపవలయును. పులివెందుల రైతు బోరునకు ఉచితముగ నిచ్చు కరెంటు ఖర్చును ఖజానా, అనగా మనమే, మోయుదుము.

ఇది యూహించి చెప్పుమాట గాదు. మహారాష్ట్ర, గుజరాతు ప్రభుత్వముల విద్యుదుత్పత్తి సంస్థలే కోల్ ఇండియాపై ఫిర్యాదు గావించినవి. బొగ్గు నాణ్యత కొఱవడినదనియు, ఒడంబడికలు ఏకపక్షముగ నున్నవనియు వాని యాక్షేపణ. కాంపిటీషన్ కమిషన్ 2013లో 1,773 కోట్ల రూపాయల జరిమానా విధించెను. అప్పిలేటు ట్రిబ్యునల్ 2016లో దానిని కొట్టివేయగా, కమిషన్ మరల విచారించి 2017లో 591 కోట్లు విధించెను.

1973 నాటి బొగ్గుగనుల జాతీయీకరణ చట్టముచే తమకు గుత్త లభించినదనియు, రాజ్యాంగపు 39(బి) అధికరణము చెప్పు సర్వజనశ్రేయస్సే తమ ధ్యేయమనియు, పోటీ చట్టము తమకు వర్తింపదనియు కోల్ ఇండియావారు వాదించిరి. 2023 జూన్ 15న సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. తప్పు జరిగినదా యనునది వేఱు విచారణ. చట్టమునకు లోబడుట మాత్రము తప్పదని తేలినది.

న్యాయవాదులమైన మాకు ఈ తీర్పు వింతగా దోపలేదు. శాసనమువలనను, ప్రభుత్వ సంస్థయగుటవలనను గలుగు నాధిక్యమును 2002 నాటి పోటీ చట్టమే పేర్కొనుచున్నది. అణుశక్తి, నాణెము, రక్షణ, అంతరిక్షము చూచు కేంద్రశాఖల కార్యములవంటి సార్వభౌమ విధులకే అది మినహాయింపు నిచ్చినది. బొగ్గమ్ముట యట్టి విధి గాదు.

దీనివలన ప్రభుత్వ సంస్థలు బలహీనపడునని కొందఱు మిత్రులు శంకింతురు. మేమట్లు తలంపము. గుత్త యుండుటను చట్టము నేరమనలేదు. దానిని దుర్వినియోగపఱచుటను నేరమన్నది. మద్రాసు రాజధానిలో 1805లో కుంపిణీవారు ఉప్పు గుత్తను స్థాపించిరి. ఉప్పు చట్టమును ధిక్కరించియే 1930లో మన పెద్దలు చెఱసాలల కేగిరి. దొర మారినంతనే తక్కెడ సరిగా తూగదు. తూనికను పరీక్షించువాడు ఎప్పుడును ఉండవలయును.

ఏ వ్యక్తియైనను, ఏ వాడుకదారుల సంఘమైనను కమిషన్ యెదుట ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. కావున బిల్లులను, రసీదులను, ఒడంబడికలను భద్రపఱచుడు. మూడు పట్టణములవారు నొక సంఘముగ గూడుడు. మన సొత్తైన సంస్థలను లెక్క యడుగుట మన హక్కు. అడుగక యూరకుండుట మన తప్పు.