ఎముకల జమాఖర్చు



వృత్రాసురుని వధకై దధీచి మహర్షి తన యెముకలను దేవతల కొసగెననియు, వానితో వజ్రాయుధము నిర్మింపబడెననియు పురాణములు చెప్పుచున్నవి. ఆ కథ విన్నవారికి ఎముక రాయివంటిదని తోచుట సహజము. కాని అది సజీవమైన వస్తువు. సప్తధాతువులలో ఐదవదానిగా ఆయుర్వేదము దానిని లెక్కించినది. అనుదినము కొన్ని కణములు పాతయెముకను తొలుచుచుండ, మరికొన్ని క్రొత్తదానితో ఆ గుంటలను పూడ్చుచుండును. ఇంచుమించు 30 ఏండ్ల ప్రాయము వరకు జమ హెచ్చు. కొంతకాలము సరికి సరి. పిమ్మట ఖర్చే హెచ్చు. స్త్రీలకు ముట్లుడిగిన తరువాతి కొన్ని సంవత్సరములలో ఈ ఖర్చు మిక్కిలి వేగముగా నడచును. తుదకు ఎముక గుల్లబారును. నొప్పియైనను ఉండదు. చిక్కంతయు అందే యున్నది.

ఒక గ్రామమున 70 ఏండ్లు దాటిన యిల్లాలొకతె వేకువను పెరటిలో నాచుపై జారిపడినది. తుంటి విరిగినది. శస్త్రచికిత్స జరిగినను ఆమె మరల గడప దాటలేదు. ఏడాది తిరుగకుండ గతించినది. అంతకు రెండేండ్లకు ముందే ఆమె మణికట్టు విరిగియుండెను. కట్టు కట్టించి, వయసు చేసిన పనియని యింటివారు సరిపెట్టుకొనిరి. ఆనాడే పరీక్ష చేయించవలసియుండెను.

ఆహారము మాట. దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము పెద్దలకును, 1200 ముట్లుడిగిన స్త్రీలకును అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు గలవు. తెల్లబియ్యమున పది ప్రాంతము మాత్రమే. సంకటిని మోటుతిండియని వెలివేసినవారు ఈ లెక్కను ఒకపరి చూచుకొందురు గాక. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు ఉండనే యున్నవి. ఎండ తగులనిదే దేహమున డి విటమిను చాలదు. అది చాలనిదే తిన్న కాల్షియము ఒంటబట్టదు. నడక, మెట్లెక్కుట ఎముకకు బలము. చుట్ట, సారాయి చేటు.

ఎముక చిక్కబడినంత మాత్రమున గట్టిపడినట్లు కాదు. నల్గొండ, ప్రకాశం జిల్లాలలో ఫ్లోరైడు నీరు త్రాగినవారే యిందుకు సాక్షులు. వారి యెముక ఎక్స్‌రేలో దట్టముగా కనబడును, వెన్ను మాత్రము బిగిసి వంగిపోవును. ఆ ఫ్లోరైడునే అమెరికాలో మందుగా నిచ్చి చూచిరి. 1990లో ప్రకటింపబడిన ఫలితములలో వెన్నెముక సాంద్రత పెరిగినది గాని, ఇతరస్థానముల యెముకలు విరుగుట హెచ్చినది. కావున ఏ మందునైనను, ఎముకలు విరుగుట తగ్గినదా యని చూచియే మెచ్చవలెను.

అట్టి పరీక్షకు నిలిచిన మందులు నేడు గలవు. డెక్సా పరీక్షలో అంకె మైనస్ 2.5 గాని అంతకు దిగువగాని యున్నవారును, చిన్నపాటుకే తుంటియో వెన్నో విరిగినవారును తిండితోనే సరిపుచ్చుకొనుట సాహసము. కొద్దిగా పలుచబడినవారు మాత్రము వైద్యుని సలహాపై మందు లేకయే కనిపెట్టియుండవచ్చును. అలెండ్రోనేటు మాత్రను వారమున కొకపరి పరగడుపున నిండుగ్లాసు మంచినీళ్లతో మ్రింగి, అరగంట పడుకొనకుండవలెను, కాఫీయు తగదు. లేనిచో అన్నవాహిక పుండుపడును. దవడ యెముక చెడుట, తొడ విరుగుట అరుదుగా గలవు. అందుచేతనే ఐదేండ్లకు వైద్యుడు పునర్విచారణ చేయును. ఆరునెలలకొక డెనోసుమాబు సూదిమందు వేరు. దానిని మరొక మందు లేక మానినచో పోయినంత వేగముగా ఎముక తరిగి, వెన్నుపూసలు వరుసగా విరుగవచ్చును. డబ్బు చాలక నడుమ మానువారు ఈ సంగతి ముందే యెరిగియుండవలెను.

గతించిన యిల్లాలి చెల్లెలు పరీక్ష చేయించుకొన్నది. అంకె మైనస్ 3. దవడ చెడునని ఎవరో భయపెట్టగా కొన్నాళ్లు వెనుదీసి, దంతవైద్యునికి పండ్లు చూపించుకొని, పిదప మాత్ర మొదలిడినది. ఆదివారమునాడు మాత్ర వేసికొని, అరగంట గడచువరకు తులసికోట చుట్టును తిరుగుచుండును. పెరటిలోని నాచును గీకించి గరుకుబండలు పరిపించినది. రాత్రి స్నానాలగదిలో దీపము ఆర్పనీయదు.