కోఠి మేడ కథల తుర్రంఖాన్ ఎక్కడ?



కోఠి మహిళా కళాశాల గోడ పక్క నుంచి రోజూ వేలమంది పోతుంటరు. లోపలున్నది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అని చానామందికి ఎరుకే. దాని చరిత్ర అడిగితే మాత్రం కిర్క్‌పాట్రిక్ దొర, ఖైరున్నీసా బేగం ప్రేమకథ చెప్తరు. ఆ కథను నేను కాదనను. కానీ మేడ సంగతి దాంతోనే ఒడువది.

మొదలు పైసల ముచ్చట. 1798 సెప్టెంబర్ 1న నిజాం అలీఖాన్ కుంపిణీతోని సైన్య సహకార ఒప్పందం చేసుకున్నడు. ఫ్రెంచి అధికారుల కింది పటాలాలు రద్దయినయి. కుంపిణీ పటాలాల ఖర్చు మన ఖజానా మీద పడ్డది. ఆ ఒప్పందం కుదిర్చిన కిర్క్‌పాట్రికే 1803ల మూసీ ఒడ్డున ఈ మేడ మొదలువెట్టిండు. నక్షా మద్రాసు ఇంజనీర్ల దళం శామ్యూల్ రసెల్‌ది, ఖర్చు నిజాంది. పెద్ద కాగితం మీద నక్షా చూపిస్తే నిజాం వద్దన్నడట, అదే చిన్న అట్టముక్క మీద గీసి తెస్తే సరే అన్నడట! ఈ ముచ్చట ఎంత నిజమోగానీ, ఖజానాల ఉన్నది రైతులు కట్టిన శిస్తే గదా.

ఇగ 1857. ఉత్తరాదిల సిపాయిల తిరుగుబాటు అంటుకున్నది. ఇక్కడ అఫ్జలుద్దౌలా కొత్తగ గద్దెనెక్కిండు, దివాను మొదటి సాలార్‌జంగ్. ఔరంగాబాద్ దిక్కు నుంచి జమేదార్ చీదా ఖాన్ కొందరు సిపాయిలను వెంటవెట్టుకొని హైదరాబాద్ వచ్చిండు, ఆశ్రయం దొరుకుతదని. దివాను పట్టించి రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు అప్పజెప్పిండు. శరణని వచ్చినోన్ని దొరల చేతుల పెడ్తరా అని పట్నం ఉడికిపోయింది.

జులై 17, శుక్రవారం. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ ముందు నడిచిండ్రు. వెనుక అయిదు వందల దాకా జనం, ఎక్కువమంది రోహిల్లాలు. పుత్లీబౌలి దిక్కు, రెసిడెన్సీ గోడకు ఎదురుంగ ఉన్న ఇద్దరు సాహుకార్ల ఇండ్లల్ల చేరి కాల్పులు మొదలువెట్టిండ్రు. తోట గేటు విరగ్గొట్టిండ్రు. లోపల ఫిరంగులు సిద్ధంగ ఉన్నయి. సాలార్‌జంగ్ ముందే కబురు పంపిండు గదా! ఫిరంగుల ముందు తుపాకులు ఎంతసేపు ఆగుతయి? అయినా రాత్రంతా కొట్లాడిండ్రు. తెల్లారేసరికి చెదిరిపోయిండ్రు.

అసలు మేడకు పెద్ద దెబ్బ తగల్లేదు. గేటు, గోడ దెబ్బతిన్నయి. దొరలకు మాత్రం నిద్ర పట్టలేదు: తర్వాత గోడలు ఎత్తుజేసి బురుజులు కట్టించుకున్నరు.

ఎవరికేం దక్కిందో సూడుండ్రి. 1853ల బాకీ కింద బేరార్, రాయచూర్, ధారాశివ్ గుంజుకున్న కుంపిణీ పెత్తనం రాణి చేతికి పోయినంక, 1860 ఒప్పందంల నిజాంకు యాభై లక్షల బాకీ మాఫీ అయింది. రాయచూర్, ధారాశివ్ వాపసొచ్చినయి. బేరార్ రాలే. తుర్రేబాజ్ ఖాన్‌కు అండమాన్ శిక్ష వేసిండ్రు. 1859 జనవరిల జైలు నుంచి తప్పించుకుంటే తలకు అయిదు వేల ఇనాం ప్రకటించిండ్రు. ఆ నెల 24న తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని పట్నంల నలుగురు చూడంగ వేలాడదీసిండ్రు. అల్లాఉద్దీన్ అండమాన్లనే కన్నుమూసిండు.

"నువ్వేమన్న పెద్ద తుర్రంఖాన్‌వా" అని మనం ఎక్కిరిస్తం. ఆ మాట ఈయన పేరు నుంచే వచ్చిందంటరు. ప్రాణానికి తెగించినోని పేరును ఎక్కిరింపు మాట చేసుకున్నం!

1949ల మహిళా కళాశాల ఈ మేడలకు వచ్చింది. దొరల దర్బారుల మన ఆడపిల్లలు చదువుకున్నరు. 2022ల అది విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు దానికి చాకలి ఐలమ్మ పేరున్నది. సంతోషమే. కోఠి బస్టాండు దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారక స్తంభం కూడా ఉన్నది, బస్సు కోసం ఉరికే తొందరల మనమే ఆగి చూడం.

నేనడిగేది ఒక్కటే. మేడ చూడవచ్చినోళ్లకు దర్బారు హాలుతోపాటు పుత్లీబౌలి దిక్కు గోడ కూడా చూపాలె, అక్కడ జులై 17 ముచ్చట రాసిన ఫలకం పెట్టాలె. దరఖాస్తు రాసి తెచ్చిన. బల్ల మీద ఉన్నది, పోయేటప్పుడు సంతకం పెట్టిపోండ్రి.